డావిన్సీ రిజాల్వ్‌లో స్పీడ్ ర్యాంప్: ఫ్రీ వెర్షన్ సరిపోద్దా, స్టూడియో కొనాలా?

పెళ్లి టీజర్లు చేసేవాళ్లకైనా రీల్స్ చేసేవాళ్లకైనా ఇప్పుడు స్పీడ్ ర్యాంప్, అంటే ఒకే షాట్ నడుస్తుండగానే స్పీడ్ మార్చడం, లేకుండా పని జరగట్లేదు. డ్రోన్ షాట్ ఝుమ్మని దూసుకొచ్చి మండపం మీద తేలిపోవాలి, పెళ్లికొడుకు కారు మామూలుగా దిగి కళ్లజోడు పెట్టుకునే చోట స్లో అవ్వాలి, ఊరేగింపులో డప్పు దెబ్బ పడ్డ చోట ఎగిరినోడు గాల్లోనే ఉండాలి. ఇవన్నీ మనం పెట్టేవి కావు, కస్టమర్లే అడుగుతున్నారు, "అన్నా ఇన్‌స్టాలో వస్తుంది చూడు, స్పీడుగా వచ్చి స్లో అవుద్దే, అట్టా కావాలి" అని ఫోన్ మొహం మీద పెట్టి మరీ చూపిస్తారు. దీనికి ఏది వాడాలన్నా అని అడిగే తమ్ముళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఒకేసారి రాసేస్తున్నా. కలర్ గ్రేడింగ్ జోలికి, సౌండ్ మిక్సింగ్ జోలికి పోను, అవి వేరే కథ, స్పీడ్ మార్చే పని వరకే ఈ రివ్యూ.

తీర్పు ముందే చెప్పేస్తా, తర్వాత చదవాలనిపిస్తే చదువుకోండి. ర్యాంప్ చేయడానికి కావాల్సిన టూల్స్ అన్నీ ఫ్రీ వెర్షన్‌లోనే ఉన్నాయి. డబ్బు కట్టాల్సొచ్చేది ర్యాంప్ కోసం కాదు, కెమెరాలో తక్కువ ఫ్రేములతో తీసేసి ఇంటికొచ్చాక "దీన్ని స్లో చేద్దాం" అనుకునే అలవాటు కోసం. షూటింగ్ రోజే సరైన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు అనే లెక్క) పెట్టుకునేవాడికి ఫ్రీ వెర్షన్ ఏళ్ల తరబడి సరిపోద్ది.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ అనే ఆస్ట్రేలియా కంపెనీది, సినిమాలకి కలర్ చేసే డావిన్సీ సిస్టమ్స్‌ని వాళ్లు 2009లో కొనేశారు, అప్పటినుంచి మెల్లగా ఎడిటింగ్, సౌండ్, గ్రాఫిక్స్ అన్నీ ఇందులోకే తెచ్చిపెట్టారు. ఫ్రీ వెర్షన్‌లో వీడియో మీద వాటర్‌మార్క్ రాదు, డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌కి మాత్రమే ఇచ్చిన ఎఫెక్ట్ ఏదైనా వేస్తేనే వస్తుంది, ఎక్స్‌పోర్ట్ అల్ట్రా హెచ్‌డీ 60 ఎఫ్‌పీఎస్ వరకు వెళ్తుంది, పెళ్లి పనికి అంతకంటే ఏం కావాలి. స్టూడియో వెర్షన్ 295 డాలర్లు, ఒక్కసారే కట్టడం, నెలనెలా వాయిదాల గోల లేదు, ఒక కీ రెండు కంప్యూటర్లలో పనిచేస్తుంది. ఆ కంపెనీ సినిమా కెమెరాలు కొన్నిటితో స్టూడియో లైసెన్స్ కూడా ఇస్తారు కాబట్టి మీ ఫ్రెండ్ దగ్గర అలాంటి కెమెరా ఉంటే వాడని కీ ఏమైనా పడుందేమో ముందు అడగండి. వాట్సాప్‌లో అయిదొందలకి "లైఫ్‌టైమ్ కీ" అమ్మేవాళ్లని మాత్రం నమ్మొద్దు, ఫ్రీగా ఒరిజినల్ దొరికేదానికి క్రాక్ వేసుకుని సిస్టమ్‌లోకి వైరస్ తెచ్చుకోవడం ఏం తెలివో నాకైతే అర్థం కాదు.

ఇక అసలు సంగతి. ర్యాంప్ బాగుంటదా చెడుద్దా అనేది సగం టైమ్‌లైన్ (క్లిప్పుల్ని వరసగా పేర్చే పట్టీ) ఫ్రేమ్ రేట్ దగ్గరే తేలిపోద్ది. మీ టైమ్‌లైన్ 25 ఎఫ్‌పీఎస్ అనుకోండి, 50 ఎఫ్‌పీఎస్‌లో తీసిన క్లిప్‌ని 50 పర్సెంట్ దాకా హాయిగా స్లో చేయొచ్చు, అక్కడిదాకా ప్రతి ఫ్రేమూ కెమెరా తీసిన నిజమైన ఫ్రేమే. 100 ఎఫ్‌పీఎస్ అయితే 25 పర్సెంట్ దాకా. 24 టైమ్‌లైన్‌లో 60 ఎఫ్‌పీఎస్ క్లిప్ 40 పర్సెంట్, 120 క్లిప్ 20 పర్సెంట్. ఈ గీత దాటి కిందికి పోయారా, సాఫ్ట్‌వేర్ అయితే ఉన్న ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపించాలి, లేదంటే లేని ఫ్రేముని ఊహించి గీయాలి. 30 ఎఫ్‌పీఎస్ ఫోన్ క్లిప్‌ని 30 టైమ్‌లైన్‌లోనే పెట్టి 20 పర్సెంట్ చేస్తే కనపడే ప్రతి అయిదు ఫ్రేముల్లో ఒకటే అసలుది, మిగతా నాలుగూ రిపీటో కల్పితమో. "బ్రో నా స్లోమోషన్ గుంజుతుంది" అని వచ్చే కంప్లైంట్లలో ఎక్కువ భాగం ఇదే, దానికి సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు.

ఇంకో మాట, ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ చూసుకోండి, ఎందుకంటే రిజాల్వ్‌లో క్లిప్పులు టైమ్‌లైన్ మీద పడ్డాక అది లాక్ అయిపోద్ది, తర్వాత మార్చాలంటే కొత్త టైమ్‌లైన్ వేసుకోవాల్సిందే. క్లిప్ యాట్రిబ్యూట్స్‌లోకి వెళ్లి 100 ఎఫ్‌పీఎస్ క్లిప్‌ని 25 అని మార్చే పద్ధతి ఒకటి యూట్యూబ్‌లో అందరూ చెప్తుంటారు, మొత్తం క్లిప్ స్లోగానే కావాలంటే అది మంచిదే, కానీ ర్యాంప్‌కి నేను అది వాడను, ఎందుకంటే అలా మార్చాక ఆ క్లిప్‌కి 100 పర్సెంట్ అంటేనే స్లో, నార్మల్ కావాలంటే 400 పెట్టాలి, లెక్క తలకిందులైపోయి బుర్ర వేడెక్కుద్ది. క్లిప్‌ని అలాగే వదిలేసి రీటైమ్ కంట్రోల్స్‌తో పని చేయడమే సుఖం.

మన దగ్గర కరెంట్ 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లూ చవక ఎల్‌ఈడీలూ సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి, మామూలు కంటికి తెలియదు, 120 ఎఫ్‌పీఎస్‌లో తీసి స్లో చేశాక మాత్రం ఫంక్షన్ హాల్ మొత్తం కొట్టుకుంటున్నట్టు కనపడుద్ది. కెమెరాని పాల్ మోడ్‌లో (50 హెర్ట్జ్ కరెంట్‌కి సరిపోయే సెట్టింగ్) పెట్టి 100 ఎఫ్‌పీఎస్, షట్టర్ సెకనులో నూరో వంతు పెట్టుకుంటే ఈ గొడవ దాదాపు పోద్ది. 120లో షట్టర్ నూరో వంతుకి దిగడం ఎలాగూ కుదరదు, ఒక్కో ఫ్రేముకి అంత టైమే లేదు కదా. ఎల్‌ఈడీ వాల్ వెనకాల ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు, దాని రిఫ్రెష్ రేట్ దానిది, షట్టర్ కొంచెం అటూ ఇటూ జరిపి కెమెరా స్క్రీన్ మీద చూసుకోవడమే. మిణుకు పడిపోయాక తగ్గించడానికి డీఫ్లికర్ అనే ఎఫెక్ట్ ఉంది కానీ అది స్టూడియోలోనే.

సరే టూల్ దగ్గరికొద్దాం. రిజాల్వ్‌లో స్పీడ్ మార్చడానికి చాలా దారులున్నాయి, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. క్లిప్ సెలెక్ట్ చేసి ఆర్ నొక్కితే చిన్న బాక్స్ వస్తుంది, అందులో పర్సెంట్ కొడితే మొత్తం క్లిప్ ఒకే స్పీడ్‌కి మారిపోద్ది, రివర్స్, ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా అక్కడే ఉంటాయి. దాన్ని ర్యాంప్ అనరు. ర్యాంప్‌కి కంట్రోల్ ఆర్ నొక్కాలి, మ్యాక్ అయితే కమాండ్ ఆర్. అప్పుడు క్లిప్ పైన వరసగా చిన్న చిన్న బాణాలు పరుచుకుంటాయి, కింద 100 పర్సెంట్ అని కనపడుద్ది. స్పీడ్ పెంచితే బాణాలు దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి, తగ్గిస్తే ఎడంగా జరిగి పసుపు రంగులోకి మారతాయి, ఏ ముక్క ఎంత స్పీడ్‌లో ఉందో నంబర్ చదవక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోద్ది. ఈ డిజైన్ నాకు బాగా నచ్చింది, మొహమాటం లేకుండా చెప్తున్నా.

స్లో ఎక్కడ మొదలవ్వాలో అక్కడ ప్లేహెడ్ (ఇప్పుడు ఏ ఫ్రేము ఆడుతుందో చూపించే నిలువు గీత) ఆపి, ఆ పర్సెంట్ పక్కనున్న చిన్న బాణం నొక్కి యాడ్ స్పీడ్ పాయింట్ కొట్టాలి. క్లిప్ రెండు ముక్కలుగా విడిపోయినట్టు కనపడుద్ది, కానీ కట్ పడదు. ఇప్పుడు ఆ పాయింట్‌కి పైన ఒక పిడి, కింద ఒక పిడి ఉంటాయి, అసలు కిటుకంతా ఈ రెండింటి తేడాలోనే ఉంది. పై పిడి లాగితే దాని ఎడం పక్కనున్న ముక్క స్పీడ్ మారుద్ది. కింది పిడి లాగితే స్పీడ్ అలాగే ఉండి, స్పీడ్ మారే చోటు మాత్రమే క్లిప్‌లో ముందుకో వెనక్కో జరుగుద్ది. అంటే పెళ్లికూతురు తలెత్తి చూసే ఫ్రేములోనే స్లో మొదలవ్వాలి, మీరు పాయింట్ కొంచెం ముందు పెట్టేశారు అనుకోండి, కింది పిడి పట్టుకుని ఆ ఫ్రేముకి జరపాలి అంతే, మొత్తం డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

ఒక డ్రోన్ క్లిప్‌తో లెక్క చూపిస్తా. 50 ఎఫ్‌పీఎస్‌లో తీసిన 12 సెకన్ల క్లిప్, ఊరి చివర పొలాల మీదుగా వచ్చి మండపం దగ్గర నిలబడుద్ది. మొదటి 8 సెకన్లు పొలాలే, దానికి 400 పర్సెంట్ పెడితే 2 సెకన్లలో అయిపోద్ది, చివరి 4 సెకన్లు 50 పర్సెంట్ పెడితే 8 సెకన్లు అవుద్ది. మొత్తం 10 సెకన్ల షాట్, అందులో మండపానికి 8. ఎవరికి కావాలి 8 సెకన్ల మండపం, 3 సెకన్లు ఉంచి కట్ చేసేయండి. కానీ ఇలా వదిలేస్తే 400 నుంచి 50కి ఒక్క ఫ్రేములో దూకుద్ది, చూసేవాడికి గోడకి గుద్దుకున్నట్టుంటుంది. ఆర్టీసీ డ్రైవర్ స్పీడ్ బ్రేకర్ చూసి ముందు నుంచే గేర్ తగ్గించుకుంటూ వచ్చినట్టు ఉండాలి ర్యాంప్ అంటే, దానికోసం కర్వ్ తెరవాలి.

క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి రీటైమ్ కర్వ్ అంటే కింద గ్రాఫ్ తెరుచుకుంటుంది, వెర్షన్‌ని బట్టి మెనూలు కాస్త అటూ ఇటూ మారుతుంటాయి, వెతుక్కోండి. ఇందులో రెండు కర్వ్‌లు ఉంటాయి, రీటైమ్ ఫ్రేమ్ ఒకటి, రీటైమ్ స్పీడ్ ఒకటి. మొదట కనపడేది ఫ్రేమ్ కర్వ్, అదొక ఏటవాలు గీత, చాలామంది దాన్ని చూసే భయపడి మూసేస్తారు. దాని అర్థం చాలా సింపుల్, గీత నిటారుగా ఎక్కుతుంటే క్లిప్ పరిగెడుతున్నట్టు, వాలు తగ్గితే స్లో అయినట్టు, నేలకి సమాంతరంగా ఉంటే ఫ్రీజ్ అయినట్టు. ఎప్పుడైతే గీత కిందికి దిగుద్దో అప్పుడు క్లిప్ వెనక్కి నడుస్తున్నట్టు. ఇది ఎందుకు చెప్తున్నానంటే పాయింట్ సెలెక్ట్ చేసి బెజియర్ (గీతని వంపు తిప్పే) బటన్ నొక్కి పిడిని ఎక్కువగా గుంజితే గీత ఒక చోట పొట్ట వేసి కొంచెం కిందికి వంగుద్ది, సరిగ్గా ఆ చోట ప్లే చేసి చూస్తే పెళ్లికొడుకు ఒక అడుగు ముందుకేసి అర అడుగు వెనక్కి ఊగి మళ్లీ ముందుకొస్తాడు, ఏదో రెండర్ (సిస్టమ్ వీడియోని తయారుచేసే పని) తేడా అనుకుంటారు, కాదు, ఆ పొట్టే కారణం. పిడిని వెనక్కి తగ్గిస్తే పోద్ది.

అందుకే నేను పైనున్న లిస్టులోంచి రీటైమ్ స్పీడ్ కర్వ్ ఆన్ చేసుకుని, ఫ్రేమ్ కర్వ్ టిక్ తీసేస్తా. ఇందులో ఎత్తు అంటే స్పీడ్, అంతే, 400 దగ్గర ఒక మెట్టు, 50 దగ్గర ఒక మెట్టు, మధ్యలో నిలువు గోడ. పాయింట్ సెలెక్ట్ చేసి స్మూత్ చేస్తే ఆ గోడ కాస్తా జారుడుబల్ల అవుద్ది, పిడి ఎంత గుంజితే అంత నింపాదిగా దిగుద్ది. మరీ పొడుగ్గా గుంజితే ర్యాంప్ ఎక్కడ మొదలైందో తెలియకుండా కారిపోద్ది, డప్పు దెబ్బ లాంటి గట్టి బీట్ మీద అయితే చిన్నగా ఉంచండి, వీణ, వేణువు లాంటి మెల్లటి మ్యూజిక్ మీద పొడుగ్గా ఉంచండి. రూలేం లేదు, చెవి చెప్పినట్టు చేయడమే.

బీట్ అంటే గుర్తొచ్చింది, ఆ క్లిప్ ఆడియోని ముందే అన్‌లింక్ చేసేయండి, కంట్రోల్ ఆల్ట్ ఎల్. స్పీడ్ మారిన గొంతులు, పీక నొక్కినట్టుండే సన్నాయి టీజర్‌లో ఎవరికీ అక్కర్లేదు. తర్వాత పాట ప్లే చేస్తూ దెబ్బ పడ్డ ప్రతి చోటా ఎం నొక్కుకుంటూ పోతే మార్కర్లు పడతాయి, స్పీడ్ పాయింట్‌ని ఆ మార్కర్ కిందికి తెచ్చుకోవచ్చు. ఎగిరే షాట్ అయితే కాలు నేల వదిలిన ఫ్రేము కాదు మార్కర్ కిందికి రావాల్సింది, గాల్లో అన్నిటికంటే పైన ఉన్న ఫ్రేము రావాలి, కింద నుంచి పైకి స్పీడుగా, పైన స్లో, మళ్లీ దిగేటప్పుడు స్పీడు. చాలా రీల్స్‌లో ఈ ఒక్క తేడా వల్లే షాట్ చప్పగా ఉంటది.

ఇప్పుడు కెమెరా తీసిన ఫ్రేములు సరిపోని చోటికి, అంటే ముందు చెప్పిన గీత దాటి, స్లో చేయాల్సి వచ్చినప్పటి సంగతి. క్లిప్ సెట్టింగులు కనపడే ఇన్‌స్పెక్టర్‌లో రీటైమ్ అండ్ స్కేలింగ్ అని ఉంటుంది, అందులో రీటైమ్ ప్రాసెస్ కింద నియరెస్ట్, ఫ్రేమ్ బ్లెండ్, ఆప్టికల్ ఫ్లో అని మూడు. నియరెస్ట్ అంటే ఉన్న ఫ్రేమునే మళ్లీ చూపిస్తుంది, గుంజినట్టుంటుంది కానీ బొమ్మ క్లీన్‌గా ఉంటది. ఫ్రేమ్ బ్లెండ్ అంటే పక్కపక్క ఫ్రేముల్ని కలిపేస్తుంది, చేతులు రెండేసి కనపడతాయి, దయ్యం సినిమా. ఆప్టికల్ ఫ్లో అంటే ఈ ఫ్రేములో ఉన్న ప్రతి చుక్కా తర్వాతి ఫ్రేములో ఎక్కడికి పోయిందో లెక్కగట్టి మధ్య ఫ్రేముల్ని కొత్తగా గీస్తుంది. దీని కింద మోషన్ ఎస్టిమేషన్ అని ఇంకో వరస ఉంటది, స్టాండర్డ్ ఫాస్టర్ నుంచి ఎన్‌హాన్స్‌డ్ బెటర్ దాకా, కిందికి పోయేకొద్దీ నాణ్యత పెరుగుద్ది, సిస్టమ్ ఫ్యాన్ మోత కూడా పెరుగుద్ది.

ఒకే తలంబ్రాల క్లిప్‌ని ఈ మూడింట్లోనూ పెట్టి చూశా, 25 ఎఫ్‌పీఎస్‌లో తీసింది, 30 పర్సెంట్‌కి తగ్గించి. నియరెస్ట్‌లో బియ్యం టకటకమని ఆగి ఆగి పడ్డాయి. బ్లెండ్‌లో ప్రతి గింజా నీడలా రెండు మూడు చోట్ల కనపడింది. ఆప్టికల్ ఫ్లో వేస్తే అమ్మాయి మొహం, నవ్వు, బాసికం, మెడలో దండ అన్నీ వెన్నలా కదిలాయి, కానీ గాల్లో ఉన్న బియ్యం మాత్రం జావ అయిపోయింది. గింజలు గింజల్లా లేవు, పసుపు తెలుపు కలిసిన ఒక పొర సాగుతూ పోయింది, అబ్బాయి చెంప పక్కన గాలి కూడా దాంతోపాటు సాగింది. కారణం పెద్ద రహస్యమేం కాదు, వందల గింజలు అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య ఒక్కోటి జానెడు దూరం జరిగింది, ఇక్కడున్న గింజ అక్కడున్న ఏ గింజో లెక్కకి దొరకదు. జరీ అంచు చీర ముందు నుంచి గాజుల చెయ్యి వేగంగా పోతే కూడా ఇంతే, చెయ్యి అంచున చీర డిజైన్ కరిగి చేత్తోపాటు లాగినట్టు వస్తుంది. అక్షింతలు, పూలవాన, కన్ఫెట్టీ, టపాసుల రవ్వలు, నీళ్లు చల్లుకోవడం, ఇవన్నీ కెమెరాలోనే 100కో 120కో తీసుకోవాలి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. ఒక్క మొహం, వెనకాల బ్లర్ అయిన బ్యాక్‌గ్రౌండ్, మెల్లటి కదలిక, ఇలాంటి షాట్ అయితే ఫ్రీ వెర్షన్ ఆప్టికల్ ఫ్లోనే ధైర్యంగా వాడుకోవచ్చు.

స్టూడియోలో వచ్చే స్పీడ్ వార్ప్ అనేది ఇదే పనిని న్యూరల్ ఇంజిన్‌తో, అంటే ఏఐతో, చేస్తుంది, 2019లో వెర్షన్ 16తో వచ్చింది. చున్నీ అంచులు, జుట్టు, వేళ్లు లాంటి చోట్ల మామూలు ఆప్టికల్ ఫ్లో కంటే స్పష్టంగా మెరుగు. కానీ దాన్ని ప్లే చేసి చూస్తూ పని చేద్దామంటే మామూలు సిస్టమ్ వల్ల కాదు, రెండర్ పెట్టి వదిలేయాల్సిందే, బియ్యం విషయంలో అదీ మంత్రం వేయదు. పాత పెళ్లి వీడియోల్లోంచి స్లో ముక్కలు తీయమని అడిగే కస్టమర్లు ఎక్కువున్నవాళ్లు, ఒకే 25 ఎఫ్‌పీఎస్ కెమెరాతో నెట్టుకొచ్చేవాళ్లు స్టూడియో కొంటే గిట్టుబాటే. మిగతావాళ్లు ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ, ఇంకో మెమరీ కార్డ్ కొనుక్కుని ఎక్కువ ఎఫ్‌పీఎస్‌లో తీసుకోండి, ఎక్కువ లాభం.

స్టూడియో కొనడానికి నాకు కనపడ్డ ఇంకో గట్టి కారణం స్లో వైపు కాదు, స్పీడ్ వైపు. 100 ఎఫ్‌పీఎస్‌లో తీసేటప్పుడు షట్టర్ కనీసం నూరో వంతు, బయట ఎండలో అయితే వెయ్యో వంతుకి పోద్ది, ఒక్కో ఫ్రేమూ కత్తితో కోసినట్టు షార్ప్‌గా ఉంటది. దాన్ని స్లో చేస్తే అద్భుతం, అదే క్లిప్‌ని 400కి పరిగెత్తిస్తే స్ట్రోబ్ లైటు కింద చూసినట్టు టకటకలాడుద్ది, ఎందుకంటే వేగానికి తగ్గ బ్లర్ ఫ్రేముల్లో లేదు. మోషన్ బ్లర్ వేస్తేనే ఆ ఝుమ్ అనే ఫీల్ వస్తుంది, ఆ ఎఫెక్ట్ స్టూడియోలోనే ఉంది. ఫ్రీలో ఉన్నవాళ్లకి నా చిట్కా, ఫాస్ట్ ముక్క వరకు ఫ్రేమ్ బ్లెండ్ పెట్టుకోండి, నెమ్మది షాట్‌లో దయ్యంలా కనపడే ఆ నీడలే స్పీడ్ షాట్‌లో బ్లర్ లాగా పనికొస్తాయి. కాకపోతే క్లిప్ మొత్తానికీ ఒకటే సెట్టింగ్ కాబట్టి స్పీడ్ మారే చోట కట్ చేసి, ముందు ముక్కకి బ్లెండ్, వెనక ముక్కకి ఆప్టికల్ ఫ్లో ఇవ్వాలి. లేదా బయటి షూట్‌కి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు వెలుతురు తగ్గించే అద్దం) పట్టుకెళ్లండి, షట్టర్ అంత పైకి పోకుండా ఆపుద్ది.

మిగతావాటితో పోలిక అడుగుతారు కాబట్టి త్వరగా చెప్పేస్తా. ప్రీమియర్ ప్రోలో టైమ్ రీమ్యాపింగ్ కూడా మంచిదే, క్లిప్ మీద రబ్బర్ బ్యాండ్ లాంటి గీత, దాని మీద గుర్తుగా పెట్టే కీఫ్రేమ్‌ని రెండుగా చీల్చి లాగితే ర్యాంప్ వచ్చేస్తుంది, నేర్చుకోవడం రిజాల్వ్ కంటే తేలికేమో కూడా, కానీ నెలనెలా చందా కట్టాలి, పైగా ఒకే క్లిప్ మీద వార్ప్ స్టెబిలైజర్, స్పీడ్ రెండూ వేయనివ్వదు, నెస్ట్ చేసుకోమంటుంది, అంటే ఆ క్లిప్‌ని ఇంకో టైమ్‌లైన్‌లో చుట్టి పెట్టుకోమంటుంది. రిజాల్వ్‌లో ఆ గొడవ లేదు, చెయ్యి వణికిన షాట్‌ని స్టెబిలైజ్ చేసి అదే క్లిప్‌ని ర్యాంప్ చేసుకోవచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ట్విక్స్‌టర్ ప్లగిన్ వేసి చేసేవాళ్లున్నారు, ఒకటీ రెండు షాట్లకి సరే, ఆరు నిమిషాల హైలైట్‌కి అంత ఓపిక ఎవరికుంది. ఫోన్‌లో వీఎన్ లాంటి యాప్స్‌లో రెడీమేడ్ కర్వ్‌లు ఉంటాయి, ఒక్క టచ్‌లో పనైపోద్ది, 15 సెకన్ల రీల్‌కి అవే బెస్ట్, దానికి ల్యాప్‌టాప్ తెరవడం దండగ. కాకపోతే అందరి రీలూ ఒకే చోట స్లో అయ్యి ఒకే చోట స్పీడ్ అవుద్ది, మీరూ చూసే ఉంటారు.

ఫోన్ అంటే ఇంకోటి, ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, 30 అని రాసున్నా లోపల 29కీ 30కీ మధ్య ఊగుతుంటుంది. దాన్ని నేరుగా తెచ్చి ర్యాంప్ చేస్తే ఒక్కోసారి ఆడియో జారుద్ది, కదలిక కూడా అక్కడక్కడా తట్టినట్టుంటది. షటర్ ఎన్‌కోడర్ గానీ హ్యాండ్‌బ్రేక్ గానీ ఫ్రీయే, అందులో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుని అప్పుడు తెచ్చుకోండి.

సిస్టమ్ విషయంలో రిజాల్వ్ కనికరం చూపించదు. ఇదంతా గ్రాఫిక్స్ కార్డ్ మీద నడిచే సరుకు, 16 జీబీ ర్యామ్, విడిగా ఒక మంచి గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే ఆప్టికల్ ఫ్లో వేసిన క్లిప్ దగ్గర ప్లేబ్యాక్ నత్త నడకే. ప్లేబ్యాక్ మెనూలో రెండర్ క్యాష్‌ని (ముందే తయారుచేసి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) స్మార్ట్‌లో పెట్టండి, టైమ్‌లైన్ పైన ఎర్రగీత కాస్తా నీలం అయ్యాక స్మూత్‌గా నడుస్తుంది. ర్యాంప్ ఓకే అయిపోయిందనుకున్న క్లిప్‌ని రైట్ క్లిక్ చేసి రెండర్ ఇన్ ప్లేస్ కొట్టేస్తే మామూలు ఫైల్ అయిపోద్ది, తర్వాత కలర్ చేసేటప్పుడు సిస్టమ్ మీద భారం ఉండదు, మళ్లీ స్పీడ్ మార్చాలంటే డీకంపోజ్ టు ఒరిజినల్ ఉండనే ఉంది. క్యాష్ ఫోల్డర్‌ని మాత్రం సీ డ్రైవ్‌లో ఉంచొద్దు, నాలుగు పెళ్లిళ్లు అయ్యేసరికి డ్రైవ్ నిండిపోయి విండోస్ ఏడుపు మొదలుపెడుద్ది.

నాకు కనపడ్డ పెద్ద లోటు ఏంటంటే, ఫోన్ యాప్స్‌లో ఉన్నట్టు మన ర్యాంప్‌ని ఒక పేరు పెట్టి సేవ్ చేసుకునే తేలిక దారి ఎడిట్ పేజీలో లేదు. ముగ్గురు నలుగురు ఎడిటర్లు పనిచేసే స్టూడియోల్లో ఇది రోజూ కనపడే ఇబ్బంది, ఒక్కొక్కరి ర్యాంప్ ఒక్కోలా ఉంటది. దీనికి నేను చేసేది, బాగా కుదిరిన ర్యాంపుల్ని ఒక టైమ్‌లైన్‌లో దాచిపెట్టుకుని, కావాల్సినప్పుడు ఆ క్లిప్‌ని కాపీ కొట్టి, కొత్త క్లిప్ మీద ఆల్ట్ వీ నొక్కి పేస్ట్ యాట్రిబ్యూట్స్‌లో రీటైమ్ ఎఫెక్ట్స్ ఒక్కటే టిక్ పెట్టడం. ర్యాంప్ ఆకారం వచ్చేస్తుంది, స్పీడ్ మారే చోటు మాత్రం కొత్త క్లిప్‌కి సరిపోదు, అప్పుడు కింది పిడి పట్టుకుని జరుపుకోవాలి. రెండు క్లిప్పులూ ఒకే ఎఫ్‌పీఎస్ అయితేనే ఇలా చేయండి, 100లో తీసినదాని ర్యాంప్‌ని తెచ్చి 25లో తీసినదాని మీద వేస్తే 25 పర్సెంట్ దగ్గర మళ్లీ అదే గుంజుడు.